వక్తల జాబితాలో నా పేరు తీసేయండి: విజయవాడ, గుంటూరు విద్యార్థి నాయకులకు బహిరంగ లేఖ

విద్యార్థి సంఘాల నాయకులకు,

మీలో ఇద్దరు వేర్వేరు రోజుల్లో గుంటూరులో మా ఇంటికి వచ్చి వెళ్ళారు. మొదట వచ్చిన అబ్బాయి ఇచ్చిన కరపత్రం మీద హిజాబ్ బానిసత్వానికి గుర్తు అని ఉంది. నాలుగు రోజుల తరువాత వచ్చిన అబ్బాయి ఇచ్చినదాని మీద హిజాబ్ మా ఊపిరి అని ఉంది. రెండు సభలూ విజయవాడలోనే, ఒకే వారంలో. రెండింటిలోనూ నేను మాట్లాడాలట. పిలవడానికి ఇద్దరికీ దొరికిన కారణం ఒకటే: నేను ముస్లింని, పైగా ముప్పై రెండేళ్ళు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి. మొదటి సభవారికి నేను సంస్కరణవాదిని, రెండో సభవారికి మన పెద్దాయనని. ఇద్దరూ చెప్పులు బయట విడిచి వచ్చారు, మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగారు, వెళ్తూ గ్లాసు కూడా లోపల పెట్టి వెళ్ళారు. అంత మర్యాదగా ఉన్న పిల్లలకు ముఖం మీద కాదని చెప్పలేక ఆలోచిస్తాను నాయనా అన్నాను. ఆలోచించాను.

ముందు నేనెవరో చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో మాట్లాడేవాడి పేరును బట్టి అతడు ఏం చెబుతాడో మీరు ముందే అనుకుంటున్నారు. నేను నూర్‌బాషాని. మా జిల్లాలో దూదేకులవాళ్ళు అంటారు. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఇంట్లో మాటలన్నీ తెలుగే. పీర్ల పండుగకు మా ఊళ్ళో నిప్పుల గుండం చుట్టూ ఎవరు ఏ మతమో చెప్పడం కష్టంగా ఉండేది. మా అమ్మ బతికినన్నాళ్ళూ బురఖా వేసుకోలేదు. నేత చీర కట్టుకునేది, పెద్దవాళ్ళు ఎదురైతే పక్కింటి సుబ్బమ్మగారు లాక్కున్నట్టే కొంగు తల మీదికి లాక్కునేది. నా చిన్నప్పుడు హిజాబ్ అనే మాటే మా చెవిన పడలేదు. బురఖా అనేవాళ్ళం, ఇంకా పాతకాలం వాళ్ళు ఘోషా అనేవారు. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఘోషా ఆసుపత్రి అనడం వినే ఉంటారు, ఆ ఘోషాయే ఇది.

కాబట్టి మా మనవరాలు ఇంటర్ రెండో ఏడాదిలో తలకు స్కార్ఫ్ చుట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు ఇంట్లో మొదట ముఖం మాడ్చుకున్నది నేనే. మీ ముత్తవ్వకు లేని అలవాటు నీకెందుకమ్మా అన్నాను. ఒకసారి అడిగితే స్నేహితురాళ్ళు వేసుకుంటున్నారు అంది. ఇంకోసారి అడిగితే చదివి తెలుసుకున్నాను తాతయ్యా అంది. మూడోసారి విసుక్కుంది. బస్సులో దీనివల్ల నా జోలికి ఎవరూ రారు, చాలా అంది. ఈ మూడింటిలో ఏది అసలు కారణమో నాకు ఇప్పటికీ తెలియదు, ఆమెకైనా ఒకటే కారణం ఉందో లేదో. నాకు నచ్చలేదు, ఈ రోజుకీ నచ్చదు. ఇది మొదటి సభవారు రాసిపెట్టుకోవచ్చు. కానీ కిందికి కూడా చదవండి.

ఆమె స్కార్ఫ్ కట్టుకున్నప్పటి నుంచి మా వీధిలో నాకు రెండు రకాల పలకరింపులు మొదలయ్యాయి. ఉదయం నడకలో కలిసే ఒక పాత మిత్రుడు, నాతోపాటు పనిచేసినవాడే, మీ వాళ్ళు ఇంతకుముందు ఇలా ఉండేవాళ్ళు కాదు కదండీ అన్నాడు. నలభై ఏళ్ళు నన్ను పేరు పెట్టి పిలిచినవాడికి నేను ఒక్కసారిగా ‘మీ వాళ్ళు’ అయిపోయాను. ఇక శుక్రవారం మసీదు దగ్గర ఉర్దూ ఇంటి భాషగా ఉన్న ఒకాయన భుజం తట్టి, మీ దూదేకుల ఇళ్ళు కూడా ఇప్పుడిప్పుడే దారిలోకి వస్తున్నాయి అన్నాడు. ఆయన మెచ్చుకున్నాననుకున్నాడు. రెండో మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఇక్కడ చిన్న పక్కదారి. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం రెండింటికి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. స్కూటీల మీద పోయే ఆడపిల్లల్లో సగం మందికి పైగా చున్నీని ముఖం చుట్టూ తిప్పి, వెనుక ముడి వేసి, రెండు కళ్ళు మాత్రం వదిలేసి పోతుంటారు. ఎండకు, దుమ్ముకు. వాళ్ళను ఆపి తల మీద గుడ్డ తీయమన్న మగాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

నేను పనిచేసిన ఒక కాలేజీలో ఆడపిల్లలు కూర్చునే గది ఉండేది. గోడకు వరుసగా మేకులు. వాటిని కొట్టింది మా అటెండరమ్మ, తన ఇంటి నుంచి సుత్తి తెచ్చుకుని. ఉదయం తొమ్మిదిన్నరకు ఆ మేకులకు ఏడెనిమిది బురఖాలు వేలాడేవి. పిల్లలు ఇంటి నుంచి అవి వేసుకుని వచ్చేవారు, గదిలో తీసి తగిలించేవారు, సాయంత్రం మళ్ళీ వేసుకుని వెళ్ళేవారు. ఒకరిద్దరు తీసేవారు కాదు, వాళ్ళు అలాగే క్లాసుకు వచ్చేవారు, ప్రయోగశాలలో కొసలు కోటు లోపలికి దోపుకునేవారు. ఇది ఎనభైలలో, తొంభైలలో సంగతి. దీనిమీద ఒక్క స్టాఫ్ మీటింగు జరగలేదు. ఏ సంఘమూ కరపత్రం వేయలేదు. ఇంట్లో బలవంతం మీద వేసుకున్న పిల్లలు వాళ్ళలో ఉన్నారని నాకు తెలుసు. ఒకమ్మాయి వాళ్ళ అన్న గేటు దాకా వచ్చి దిగబెట్టి, సాయంత్రం వేసుకునే బయటికి వస్తోందో లేదో చూసేవాడు. ఆ బలవంతం లేదని బుకాయించే రెండో సభవారితో నాకు పేచీ ఉంది. అయితే ఆ పిల్లకు అన్న లేని చోటంటూ ఒకటి దొరికింది, అది కాలేజీ గేటు లోపలే. మొదటి సభవారు హిజాబ్ వేసుకున్న పిల్లలకు ఆ గేటునే మూయమంటున్నారు.

ఇప్పుడు 2022 ఫిబ్రవరి సంగతి. 2021 డిసెంబరు చివర ఉడుపిలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో హిజాబ్‌తో క్లాసుకు రానివ్వని ఆరుగురు అమ్మాయిలతో మొదలైన గొడవ ఫిబ్రవరి నాటికి కర్ణాటక అంతా పాకింది. కాషాయ కండువాలు వచ్చాయి, కాలేజీలు మూతపడ్డాయి. మాకేమో గుంటూరులో అప్పటికే పాకిస్తాన్ నేత జిన్నా పేరున్న జిన్నా టవర్ గొడవ నడుస్తోంది. పేరు మార్చాలని కొందరు, జనవరి 26న అక్కడ జెండా ఎగరేయడానికి వచ్చిన కుర్రవాళ్ళను పోలీసులు పట్టుకెళ్ళడం, తరువాత ఆ కట్టడానికి మూడు రంగులు వేయడం, ఫిబ్రవరి 3న జెండా ఎగరేయడం. నేను రోజూ ఆ సెంటరు మీదుగానే మందుల షాపుకు వెళ్తాను. చుట్టూ కట్టిన కంచె, పోలీసు వ్యాను చూస్తూ, ఉడుపి ఎంత దూరంలో ఉందో మరిచిపోయేంతగా గుంటూరు గాలి మారిందనుకున్నాను.

ఆ నెలలోనే ఒక రోజు. మా మనవరాలు విజయవాడలో బీఎస్సీ మొదటి ఏడాది. నాకు కంటి డాక్టరు దగ్గర పని ఉండి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం. ఆమెకు తొమ్మిదిన్నరకు ప్రాక్టికల్, సాల్ట్ అనాలిసిస్. వారధి దాటేదాకా ఏ గ్రూపుకు ఏ పరీక్ష చేయాలో నాకు అప్పజెబుతూనే ఉంది. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. తల మీద గుడ్డతో పంపవద్దన్నారమ్మా, నాకేం తెలుసు అన్నాడు. పాపం అతడి ముఖం కూడా మాడిపోయి ఉంది. మా మనవరాలు, ఇంకో అమ్మాయి, ఇద్దరూ రికార్డు పుస్తకాలు గుండెలకు హత్తుకుని గోడ పక్కన నిలబడ్డారు. పావుగంటలో మీరు వచ్చారు. మీరంటే మీరే కాకపోవచ్చు, మీ ముందటి బ్యాచి. ఒకవైపు నినాదాలు, రెండోవైపు ఎదురు నినాదాలు, మధ్యలో ఫోన్లు. ఒక కుర్రవాడు, ఈ పిల్లల పక్షాన వచ్చినవాడే, ఫోను ఎత్తి పట్టుకుని, చెల్లీ, ఒక్కసారి గట్టిగా నినాదం ఇవ్వమ్మా అన్నాడు. మా మనవరాలు, అన్నయ్యా, నాకు ప్రాక్టికల్ ఉంది, టైము అయిపోయింది, కాస్త లోపలికి పంపమని చెప్పరా అంది. ఆ మాట వీడియోలో లేదు. అది పనికిరాలేదు కాబోలు.

నా తప్పు కూడా చెప్పాలి. గడియారం పది దాటాక నేను ఆమె దగ్గరికి వెళ్ళి, తీసేయమ్మా, రెండు గంటల పనే కదా అన్నాను. ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు. నువ్వు కూడానా అన్నట్టు చూసి, రికార్డు పుస్తకం అంచు గోటితో గీకుతూ కూర్చుంది. మధ్యాహ్నానికి అధికారులు, పెద్దలు మాట్లాడుకుని గేటు తెరిపించారు. ప్రాక్టికల్ అయిపోయింది. వారం తరువాత ఒక అధ్యాపకురాలు ఖాళీ పీరియడ్‌లో ఈమె చేత విడిగా చేయించారు. హైడ్రోజన్ సల్ఫైడ్ కంపుతో ఆ సాయంత్రం మా పిల్ల ఇంటికి వచ్చినప్పుడు నాకు అంత సువాసన ఎప్పుడూ తగలలేదు.

ఆమె పక్కన నిలబడిన రెండో అమ్మాయి మళ్ళీ రాలేదు. మీరు తీసిన వీడియో వాళ్ళ ఊళ్ళో మేనమామ ఫోనుకు చేరింది. ఆడపిల్ల నలుగురిలో పడిందన్నారు. వేసవిలో పెళ్ళి చేసేశారు. ఆ వీడియోకు మీరు పెట్టిన శీర్షికలో ధైర్యం అనే మాట ఉంది.

మీ కరపత్రాల మీద బొమ్మలు కూడా చూశాను. మొదటిదాని మీద ఇరాన్ ఆడవాళ్ళు తలగుడ్డ తగలబెడుతున్న ఫోటో. 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ పోలీసుల నిర్బంధంలో చనిపోయాక లేచిన ఉద్యమం అది, వాళ్ళ తెగువకు దండం పెట్టాల్సిందే. కానీ అదే ఇరాన్‌లో 1936లో రెజా షా పోలీసుల చేత వీధుల్లో ఆడవాళ్ళ ముసుగులు లాగించాడు. అప్పుడు చాలామంది గడప దాటడమే మానేశారు. 1979 విప్లవం తరువాత వచ్చిన ప్రభుత్వం పోలీసుల చేతనే కప్పించింది. ఆ ఫోటో వేసేముందు ఈ రెండో సగం కూడా చదివి ఉండాల్సింది. రెండో కరపత్రం మీద 2022 ఫిబ్రవరి 8న మండ్యలో కాషాయ కండువాల గుంపుకు ఎదురు నిలిచి అరిచిన అమ్మాయి బొమ్మ. ఆ వీడియో చూసి నేనూ చప్పట్లు కొట్టాను. అయితే ఆ పిల్ల ఆ రోజు కాలేజీకి వచ్చింది ఏదో పని మీద. అరవడానికి రాలేదు. ప్రతి ఆడపిల్లా అలా అరవాలని మీరు ఎదురుచూస్తే, అరవలేని పిల్లల సంగతేమిటి?

మొదటి సభకు పిలవడానికి వచ్చిన అబ్బాయి కోర్టు తేల్చేసింది కదా సార్ అన్నాడు. తేల్చలేదు నాయనా. 2022 ఫిబ్రవరి 5న కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు 1983 నాటి కర్ణాటక విద్యా చట్టం కింద ఇచ్చింది. ఆ చట్టం తుంగభద్ర దాటి మనవైపు రాదు. మార్చి 15న అక్కడి హైకోర్టు, హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదు, యూనిఫాం నియమం సహేతుకమే అంది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులూ చెరొక మాట చెప్పారు. జస్టిస్ హేమంత్ గుప్తా ఆ తీర్పును సమర్థించారు. జస్టిస్ సుధాంశు ధూలియా కొట్టివేయాలన్నారు, ఇది ఆ పిల్ల ఎంపిక, అంతకు మించి ఏమీ లేదన్నారు. విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందు పెట్టమన్నారు, పెద్ద ధర్మాసనం కోసం.

జస్టిస్ ధూలియా ఆధారం చేసుకున్న పాత తీర్పు ఒకటి ఉంది, అది మన తెలుగువాడు రాసినది. 1985లో కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి పంపేశారు. జాతీయ గీతం వచ్చినప్పుడు వాళ్ళు లేచి మర్యాదగా నిలబడేవారు, కానీ పాడేవారు కాదు, అదీ నేరం. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ తీర్పు చివర, మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతోంది, మన తత్వం సహనాన్ని ప్రబోధిస్తోంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తోంది, దాన్ని పలచన చేయవద్దు అన్నారు. అంతెందుకు, నీట్ పరీక్షకే మతాచారపు దుస్తులతో వచ్చేవారు కొంచెం ముందుగా వస్తే తనిఖీ చేసి లోపలికి పంపుతారు. లక్షల మంది రాసే పరీక్షలో కుదిరినది నలభై మంది కూర్చునే క్లాసులో కుదరదా?

ఇక ఉద్యమం సంగతి. ఈ ముసలాయన మంచం మీద కూర్చుని నీతులు చెబుతున్నాడని మీకు అనిపిస్తుంది. 1972లో నేను గుంటూరులో బీఎస్సీ ఆఖరి సంవత్సరం. ఆ అక్టోబరులో తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు రాగానే ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. నెలల తరబడి కాలేజీలు మేమే మూయించాం. రైళ్ళు ఆపాం. కాల్పుల్లో మా ఈడు పిల్లలు చచ్చిపోయారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఒక బంద్ రోజున నేను విసిరిన రాయికి బస్సు ముందు అద్దం పగిలి, డ్రైవరు అరచెయ్యి తెగింది. ఆయన తువ్వాలు చుట్టుకుంటూ నా వైపు చూసి, ఏం చదువుతున్నావు బాబూ అని అడిగాడు. నేను పరుగెత్తాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

అది కాదు మీకు చెప్పదలచుకున్నది. అప్పుడు మా చెల్లెలు ఇంటర్ రెండో ఏడాది. మా చుట్టాల్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల. కాలేజీలు మూసిన నెలల్లో నేను వీధుల్లో వీరుణ్ణి, ఆమె ఇంట్లో దిండ్లలో దూది కూరుతోంది. ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడపిల్ల మీద చుట్టాల కళ్ళు పడ్డాయి. నరసరావుపేట నుంచి సంబంధం వచ్చింది. కాలేజీ గేట్లు తెరుచుకునేసరికి మా చెల్లెలు అత్తగారింట్లో ఉంది. నేను పరీక్ష రాసుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆమె తల మీద ఏ గుడ్డా లేదు. ఏ మతమూ అడ్డం రాలేదు. తెరిచి ఉండాల్సిన గేటును మూసింది నేను. మొన్న ఈద్‌కు వచ్చినప్పుడు ఈ సంగతి ఎత్తితే, పోనీలే అన్నయ్యా, రాష్ట్రమైనా వచ్చిందా అని నవ్వింది. 2014లో రాష్ట్రం ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు, నన్ను ఏడిపించడానికే అడిగింది.

విజయవాడ పిల్లలు ఇంకొక సంగతి మీ నాన్నలను అడగండి. డెబ్భైలలో కాలేజీ యూనియన్ల పోటీగా కనిపించినది కత్తుల దాకా ఎలా వెళ్ళిందో, 1988 డిసెంబరులో వంగవీటి మోహన రంగా హత్య తరువాత ఆ ఊరు ఎలా తగలబడిందో చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. దాని తరువాత అంతటా కార్పొరేట్ కాలేజీలు లేచాయి, యూనియన్లు పోయాయి. పిల్లవాడు అడగాల్సినవి అడగడం కూడా మరిచాడు. మీరు మళ్ళీ నోరు తెరుస్తున్నారంటే నిజానికి నాకు సంతోషమే. ఫీజు బకాయి ఉందని సర్టిఫికెట్లు ఆపినప్పుడు తెరవండి. సాయంత్రం ల్యాబు అయ్యేసరికి గుంటూరు బస్సులో కాలు పెట్టడానికి చోటుండదు, దానికి తెరవండి. ఆడపిల్లల మరుగుదొడ్లకు తలుపు గడియలు లేని కాలేజీలు నేను చూశాను. ఆ గడియ కోసం ధర్నా చేస్తే, ఈ మోకాళ్ళతోనే వచ్చి కింద కూర్చుంటాను.

మళ్ళీ ఎక్కడైనా గేటు దగ్గర ఒక అమ్మాయిని ఆపితే, రండి. మొదటి సభవారు కూడా రండి, ఆమె తల మీదిది మీకు నచ్చకపోయినా సరే. నాకూ నచ్చదని చెప్పాను కదా. ఫోన్లు జేబులో పెట్టుకోండి. టైమెంత అయింది, ఏ క్లాసు ఉంది అని ఆమెను అడగండి. లోపలికి వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. ఆమె క్లాసులో కూర్చున్నాక బయట చెట్టు కింద మీరు హిజాబ్ గురించి తెల్లవార్లూ వాదించుకోండి, నేనూ కలుస్తాను.

రెండు సభలకూ నేను రావడం లేదు. వక్తల జాబితాలో నా పేరు తీసేయండి. కరపత్రాలు తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను, కుదరలేదు. మా మనవరాలు ఇప్పుడు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు చదువుతోంది. రెండింటి వెనుక వైపూ తెల్లగా ఉందని రసాయన సమీకరణాలు తుల్యం చేసుకుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
గుంటూరు